బొగ్గు ఊరి కుర్రాడికి జుబైల్ ఉద్యోగం: వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: సర్, మాది గోదావరిఖని. నాకు 27 ఏళ్లు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, నాలుగేళ్లుగా హైదరాబాద్ పక్కన ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్‌లో పనిచేస్తున్నాను. సౌదీ అరేబియాలోని జుబైల్‌లో కొత్తగా కడుతున్న పెట్రోకెమికల్ ప్లాంటులో కమిషనింగ్ (కొత్త ప్లాంటుని మొదటిసారి నడిపించే) ఇంజనీరుగా రెండేళ్ల కాంట్రాక్టు వచ్చింది. నెలకి 8,000 రియాళ్లు, ఉండటానికి గది ఇస్తామంటున్నారు. మా నాన్న సింగరేణిలో పనిచేస్తారు, వచ్చే ఏడాది రిటైర్మెంట్. "బొగ్గు అయిపోతే ఇంక్లయిన్ గని మూసేస్తారు. అక్కడ ఆయిల్ అయిపోతే నీ గతేంటి?" అంటున్నారు. దమ్మామ్‌లో ఉండే మా బావ, అక్కడి కెమికల్ కంపెనీలే నష్టాల్లో ఉన్నాయి, ఇప్పుడు రావద్దంటున్నాడు. మా మేనేజరేమో గల్ఫ్‌లో గ్యాస్ చవక, వాళ్ల ఎగుమతులకు తిరుగులేదు, కళ్లు మూసుకుని వెళ్లమంటున్నాడు. ముగ్గురి మాటా విని రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, ఒకటే టెన్షన్. నిజంగా ఆ పరిశ్రమకి ఎదుగుదల ఉందా? నాలాంటివాడు వెళ్లి బాగుపడతాడా?

సమాధానం: ముందు మీకు కావాల్సిన మాట చెప్పేస్తాను. వెళ్లండి. కానీ కాంట్రాక్టులో రెండు విషయాలు తేలాకే వెళ్లండి. అవేమిటో తర్వాత చెబుతాను. అంతకంటే ముందు మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు రావాలి, ఎందుకంటే ముగ్గురిలో అసలు ప్రశ్న వేసింది ఆయనే.

నేను జుబైల్‌లో పదకొండేళ్లు పనిచేశాను. నా అనుభవంలో అక్కడ చమురు అయిపోతుందేమోనన్న భయంతో ఏ ప్లాంటూ ఆగలేదు. సౌదీ దగ్గర లెక్క తేలిన చమురు నిల్వలు 26,000 కోట్ల బ్యారెళ్లకు పైనే. రోజుకి కోటి బ్యారెళ్ల చొప్పున తోడినా డెబ్బై ఏళ్లు దాటి వస్తుంది. మీ ఉద్యోగ జీవితానికి అది చాలు. కానీ ముడిసరుకు ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ నిలబడుతుందనుకుంటే అదీ పొరపాటే. దీనికి సాక్ష్యం కోసం సౌదీ దాకా వెళ్లక్కర్లేదు. మీ ఊరి పక్కనే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ ఉంది కదా. 1980లో బొగ్గుతో యూరియా తయారు చేయడానికి మొదలైంది. బొగ్గు కాళ్ల కిందే ఉంది. అయినా 1999లో మూతపడింది. సింగరేణిలో బొగ్గు అయిపోయి కాదు. బొగ్గు నుంచి యూరియా తీసే పద్ధతి సతాయించింది, గ్యాస్‌తో చేసిన యూరియా ముందు ఖర్చు కిట్టలేదు. అదే చోట 2021లో మళ్లీ యూరియా మొదలైంది, ఈసారి ఎక్కడి నుంచో పైపులైన్లో వచ్చే గ్యాస్‌తో. ఈ కథ మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. జుబైల్‌ని కూడా ఈ కళ్లతోనే చూడమనండి.

జుబైల్ ఒకప్పుడు చేపలు పట్టుకునే, ముత్యాల కోసం సముద్రంలో మునిగే చిన్న ఊరు. 1970ల దాకా సౌదీలో చమురుతో పాటు పైకొచ్చే గ్యాస్‌ని బావుల దగ్గరే తగలబెట్టేసేవారు. 1975లో జుబైల్, యాన్బు ఊళ్ల కోసం రాయల్ కమిషన్ పెట్టారు, ఆ మరుసటి ఏడాది సాబిక్ అనే ప్రభుత్వ రసాయనాల కంపెనీ పెట్టారు. తగలబెడుతున్న గ్యాస్‌ని పట్టి, పైపుల్లో తెచ్చి, దానిలోంచి ఇథేన్ వేరుచేసి ప్లాస్టిక్‌కి, మీథేన్‌ని మెథనాల్‌కీ ఎరువులకీ వాడటం మొదలుపెట్టారు. ఆలోచనంతా ఇంతే. కానీ ఎంత పెద్ద ఆలోచనో చూడండి. 1983లో జపాన్ వాళ్లతో కలిసి పెట్టిన మెథనాల్ ప్లాంటు నడవడం మొదలైంది. ఎక్సాన్, షెల్, మొబిల్ లాంటి కంపెనీలు టెక్నాలజీ తెచ్చాయి, సౌదీ గ్యాస్ ఇచ్చింది. ఇప్పుడు చమురు పక్కన పెట్టి చూస్తే సౌదీ ఎగుమతుల్లో ముందు వరస రసాయనాలది, ప్లాస్టిక్‌లదే.

మీ మేనేజర్ గ్యాస్ చవక అన్నది ఆ కాలం మాట. 2015 చివరి వరకూ సౌదీ కంపెనీలకి ఇథేన్ పది లక్షల బీటీయూలకి (గ్యాస్‌ని దానిలోని వేడిని బట్టి కొలిచే లెక్క) 75 సెంట్లకే దొరికేది. 2008లో అమెరికాలో అంతే గ్యాస్ పది డాలర్లు దాటిన నెలలున్నాయి. ఆ తేడా మీద ఎవరు ప్లాంటు పెట్టినా లాభమే. నేను అక్కడ ఉన్న రోజుల్లో మా యూనిట్‌లో ఆవిరి వృథా అవుతోందని ఒక కాగితం రాసిస్తే, దాని మీద ఖర్చు పెట్టడం దండగన్నారు. గ్యాస్ అంత చవకగా వచ్చేది. 2016 జనవరిలో ఇథేన్ ధరని 1.75 డాలర్లకి పెంచారు, తర్వాత కూడా పెంచారు. ఇప్పుడు అదే ఆవిరి కోసం అక్కడ ఇంజనీర్లని పెట్టుకుంటున్నారు. మీ మేనేజర్ని తప్పు పట్టట్లేదు, ఆయన చెప్పింది పదేళ్ల కిందటి వరకూ సరిపోయే మాట.

ఇథేన్‌లో ఇంకో కిటుకుంది. మీరు చదువుకున్నదే, మీ నాన్నగారి కోసం వివరంగా చెబుతున్నాను. ఇథేన్‌ని ఆవిరితో కలిపి 800 డిగ్రీలు దాటిన కొలిమి గొట్టాల్లోంచి సెకను కూడా పట్టనంత వేగంగా పంపి, వెంటనే చల్లారిస్తే ఇథిలీన్ వస్తుంది. ఈ పని చేసే ప్లాంటునే క్రాకర్ అంటారు. నూరు కిలోల ఇథేన్‌కి దాదాపు ఎనభై కిలోలు ఇథిలీనే. అదే ముడిచమురు నుంచి తీసే నాఫ్తా అనే ద్రవం అయితే ఇథిలీన్ ముప్పై కిలోలకి అటూ ఇటూ వస్తుంది, కానీ దాంతో పాటు ప్రొపిలీన్, బ్యూటాడైన్, బెంజీన్ అన్నీ వస్తాయి. ఇథేన్ దారిలో డబ్బు త్వరగా వస్తుంది, సరుకు మాత్రం ఒకటి రెండు రకాలే. ఇథిలీన్ నుంచి పాలిథిలిన్, గ్లైకాల్, ఇంకొన్ని. రబ్బరు, రంగులు, మందుల ముడిసరుకులు, అంటే మీరు ఇప్పుడు పనిచేస్తున్న రకం పరిశ్రమ, అక్కడ మొలకెత్తడానికి నేల లేకుండా పోయింది. చమురు దేశాల కెమికల్ పరిశ్రమ గురించి ఎవరు గొప్పగా చెప్పినా నేను ముందు అడిగేది ఇదే: మీ దగ్గర గ్యాస్ ఎంత ఉంది అని కాదు, ఆ గ్యాస్ నుంచి ఎన్ని రకాలు తీస్తున్నారు అని.

నిరుడు ఎండాకాలం హైదరాబాద్ కాటేదాన్‌లో తెలిసినవాళ్ల యూనిట్‌కి వెళ్లాను. బిందెలు, బకెట్లు చేసే చిన్న షెడ్డు. మూలన పాతిక కిలోల బస్తాలు, వాటి మీద సౌదీ కంపెనీ పేరు, కింద అరబిక్ అక్షరాలు. కుర్రాడు బ్లేడుతో బస్తా మూతి కోసి హాపర్‌లో కుమ్మరించాడు. మనవాళ్లు దానా అంటారే, ఆ తెల్లటి గుళికలు, సగ్గుబియ్యం కంటే కొంచెం పెద్దవి. పక్కన చిన్న డబ్బాలోంచి గుప్పెడు నీలం రంగు మాస్టర్ బ్యాచ్ కలిపాడు. నిమిషం తిరక్కుండానే మెషిన్ నోరు తెరిచి నీలం బిందె కక్కింది, అంచు గీకి పక్కన పెట్టాడు. చేతిలో నాలుగు గుళికలు తీసుకుని చూస్తూ నిలబడిపోయాను. నేను పదకొండేళ్లు చేసిన పని ఇదే, ఈ గుళిక. జుబైల్‌లో అది గుళిక దగ్గరే ఆగిపోతుంది. దాన్ని బిందె చేసే పని, పైపు చేసే పని, సిరంజి చేసే పని ఇంకో దేశంలో జరుగుతుంది. ఒక్కో క్రాకర్‌కి వందల కోట్ల డాలర్లు పెడతారు, నడపడానికి కొన్ని వందల మంది చాలు. కాటేదాన్‌లో అలాంటి చిన్న షెడ్లే ఎన్ని కుటుంబాలకి కూడు పెడుతున్నాయో మీకు తెలుసు. అన్నట్టు ఆ ఖాళీ బస్తాలు కూడా వృథా పోవు, మిరపకాయలు ఎండబెట్టడానికీ వడ్లు పోసుకోవడానికీ ఊళ్లకి వెళ్లిపోతాయి.

ఇక మీ బావగారి మాట. ఆయన చెప్పింది నిజమే. సాబిక్ 2023లో 277 కోట్ల రియాళ్ల నష్టం చూపించింది. 2025 రెండో త్రైమాసికంలో ఇంకో 407 కోట్ల రియాళ్లు. ఆ రెండోదానిలో ఇంగ్లండ్‌లోని టీసైడ్ క్రాకర్ మూసెయ్యడం వల్ల పుస్తకాల్లో రాసుకున్న నష్టం కూడా ఉంది, మొత్తం వ్యాపారంలో వచ్చిందని కాదు. అయినా అంత పెద్ద కంపెనీకి అది చిన్న దెబ్బ కాదు.

ఎందుకిలా అయింది? గ్యాస్ తగ్గి కాదు, మళ్లీ రామగుండం కథే. అమెరికాలో రాళ్ల పొరల్లోంచి షేల్ గ్యాస్ తీయడం మొదలయ్యాక అక్కడ ఇథేన్ గుట్టలుగా పడింది. ఎంతలా అంటే, గుజరాత్‌లోని దహేజ్‌కి రిలయన్స్ వాళ్లు అమెరికా నుంచి ఓడల్లో ఇథేన్ తెప్పించుకుంటున్నారు. ఒకప్పుడు సౌదీకి మాత్రమే ఉన్న బలం, ఇప్పుడు ఓడ అద్దె కట్టగలిగిన ఎవరికైనా ఉంది. రెండోది చైనా. సౌదీ గ్లైకాల్, పాలిథిలిన్‌కి పెద్ద గిరాకీ చైనాదే. ఆ చైనా 2019 తర్వాత ఒకదాని వెంట ఒకటి సొంత క్రాకర్లు కట్టుకుంటూ పోయింది. కొనేవాడే తయారీదారుడైతే అమ్మేవాడి ధర పడిపోకుండా ఎలా ఉంటుంది? ప్రపంచం మొత్తం మీద సరుకు మిగిలిపోతోంది. ఈ రెండూ ఇప్పట్లో పోయేవి కావు. మీ బావగారి భయాన్ని కొట్టిపారేయకండి.

కానీ ఆయన చెప్పని ముక్క ఒకటుంది. నష్టం వస్తోందని వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు, దారి మార్చుకుంటున్నారు. 2020లో సౌదీ ప్రభుత్వ చమురు కంపెనీ ఆరామ్కో, సాబిక్‌లో 70 శాతం వాటాని 6,910 కోట్ల డాలర్లకి కొనేసింది. చమురు తీసేవాడూ ప్లాస్టిక్ చేసేవాడూ ఒక ఇంటివాళ్లయ్యారు. అంతకు ముందే, 2011లో, డౌ కంపెనీతో కలిసి జుబైల్‌లో సదారా పెట్టారు. 2,000 కోట్ల డాలర్ల ప్రాజెక్టు, 26 యూనిట్లు. ఇథేన్‌తో పాటు నాఫ్తా లాంటి ద్రవాన్ని కూడా క్రాక్ చేసే కాంప్లెక్స్ అది. పరుపుల ఫోముకి, రంగులకి, జిగురుకి కావాల్సిన రసాయనాలు అక్కడ తయారవుతాయి. ఇప్పుడు జుబైల్‌లోనే ఆరామ్కో, ఫ్రాన్స్‌కి చెందిన టోటల్ ఎనర్జీస్ కలిసి అమీరాల్ కడుతున్నాయి. దాని క్రాకర్ ఏడాదికి 16.5 లక్షల టన్నుల ఇథిలీన్ ఇచ్చేది, ఖర్చు 1,100 కోట్ల డాలర్లు. అది మిక్స్‌డ్ ఫీడ్ క్రాకర్. అంటే ఇథేన్ ఒక్కటే కాదు, రిఫైనరీ నుంచి వచ్చే నాఫ్తా, వాయువులు కూడా తింటుంది. మరోవైపు జఫురా అనే చోట భారీ షేల్ గ్యాస్ క్షేత్రాన్ని తవ్వుతున్నారు. 2030 నాటికి రోజుకి 42 కోట్ల ఘనపుటడుగుల ఇథేన్ తీయాలన్నది లక్ష్యం. చమురుతో కలిసి వచ్చే గ్యాస్ అయితే, చమురు దేశాల కూటమి ఒపెక్ చమురు తగ్గించమన్నప్పుడల్లా అదీ తగ్గుతుంది. జఫురా గ్యాస్‌కి ఆ బంధం లేదు. ఇది బయటివాళ్లు పెద్దగా పట్టించుకోని విషయం, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది.

ప్రకటించినవన్నీ కడతారనుకోకండి. ముడిచమురు నుంచి నేరుగా రసాయనాలు తీసే పెద్ద కాంప్లెక్స్‌ని యాన్బులో పెడతామని ఎంతో ఆర్భాటంగా చెప్పి, 2020లో పక్కన పెట్టేశారు. కొత్త ప్లాంట్లు కొన్ని అసలు సౌదీలోనే రావు. చైనాలోని ఫుజియాన్‌లో సాబిక్ 640 కోట్ల డాలర్లతో కాంప్లెక్స్ కడుతోంది. కొరియాలోని ఉల్సాన్‌లో ఆరామ్కోకి పెద్ద వాటా ఉన్న కంపెనీ కడుతోంది. సరుకు ఓడలో పంపి అమ్మడం కష్టమైనప్పుడు కొనేవాడి గుమ్మంలోకే ఫ్యాక్టరీని తీసుకెళ్లడం అన్నమాట. మన దేశంతోనూ 2025 ఏప్రిల్‌లో ప్రధాని జెడ్డా వెళ్లినప్పుడు, రెండు రిఫైనరీలు కలిసి కట్టాలని అనుకున్నారు. 2018లో మహారాష్ట్రలోని రత్నగిరి రిఫైనరీ గురించి కూడా అలాగే అనుకున్నారు, అది ఇంకా కాగితం మీదే ఉంది. కాబట్టి ఆశ పెట్టుకోండి కానీ దాని మీద అప్పు చేయకండి.

ఇంతసేపూ ప్లాస్టిక్ గురించే చెప్పాను. సౌదీ రసాయన ఎగుమతుల్లో నాకు అన్నిటికంటే గట్టిదిగా కనిపించేది వేరే ఉంది. అది ఎరువు. మీ చుట్టుపక్కల పల్లెల్లో 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు రైతులు చెప్పులూ పాస్‌బుక్కులూ లైన్లో పెట్టి నిలబడ్డారు, చూసే ఉంటారు. మనకి కావాల్సిన ఎరువు మనం పూర్తిగా చేసుకోలేం. డీఏపీ సంగతి మరీ. దానికి ఫాస్ఫేట్ రాయి కావాలి, గంధకం కావాలి, అమ్మోనియా కావాలి. మనం మూడూ బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే, ఉన్నది చాలదు. సౌదీ ఉత్తరాన ఎడారిలో ఫాస్ఫేట్ రాయి ఉంది. గ్యాస్ శుద్ధి చేసేటప్పుడు గంధకం దానంతటదే వచ్చి పడుతుంది. గ్యాస్ నుంచి అమ్మోనియా. మూడూ ఒకే దేశంలో దొరికే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. మాదెన్ అనే కంపెనీ ఆ రాయిని రైల్లో జుబైల్‌కి ఎగువన ఉన్న రాస్ అల్ ఖైర్ రేవుకి తెచ్చి డీఏపీ చేస్తుంది. మన దేశం 2023-24లో సౌదీ నుంచి 16 లక్షల టన్నుల డీఏపీ కొన్నది, 2024-25లో 19 లక్షలు. 2025 జులైలో ఇంకో అడుగు వేశారు. మన ఎరువుల కంపెనీలు ఇండియన్ పొటాష్ (ఐపీఎల్), క్రిభ్‌కో, కోరమాండల్ ఏడాదికి 31 లక్షల టన్నుల చొప్పున ఐదేళ్ల పాటు కొనేలా మాదెన్‌తో ఒప్పందం రాసుకున్నాయి. కోరమాండల్ అంటే సికింద్రాబాద్ కంపెనీయే, విశాఖలో, కాకినాడలో ఫ్యాక్టరీలున్నది.

ప్లాస్టిక్ గుళిక ధర పడితే కొనేవాడు ఇంకో దేశం చూసుకుంటాడు. ఎరువు అలా కాదు, నాటు వేసే వారం దాటితే దానికి పనే లేదు. అందుకే ఐదేళ్ల ఒప్పందాలు పుడతాయి. రేపు మీరు క్రాకర్ నుంచి ఎటైనా మారాల్సి వస్తే అమ్మోనియా, ఎరువుల వైపు ఒక కన్ను వేసి ఉంచండి. మీరు రామగుండం పక్కన పుట్టినవారు, ఆ మాట మీకు కొత్తగా ఉండదు.

జుబైల్ గురించి ఇంకో నిజం కూడా చెప్పాలి. అక్కడి నుంచి బయల్దేరే ఓడ హోర్ముజ్ జలసంధి దాటాలి. అది సన్నగా ఉన్నచోట వెడల్పు 33 కిలోమీటర్లే. గల్ఫ్‌లో గొడవ వస్తే ముందు ఓడల బీమా పెరుగుతుంది, తర్వాత ట్యాంకులు నిండి ప్లాంట్లు తగ్గించి నడపాల్సి వస్తుంది. యాన్బు ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి దానికి ఆ బాధ లేదనుకుంటే, 2023 నవంబరు నుంచి అటు ఓడల మీద దాడులు జరిగి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అమ్మానాన్నలు టీవీ చూసి కంగారు పడతారు, వెళ్లే ముందే వాళ్లకి ఇది చెప్పి ఉంచండి.

ఇక మీ సంగతి. మీరు పంపిన ఉత్తరంలో ప్రాజెక్టు పేరుంది, ఇక్కడ వేయట్లేదు. అది మిక్స్‌డ్ ఫీడ్ క్రాకర్ అని చూడగానే నాకు సంతోషం వేసింది. మీరు నాలుగేళ్లుగా బ్యాచ్ పద్ధతిలో పనిచేస్తున్నారు. గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌లో సరుకు వేస్తారు, ఉడికిస్తారు, వడగడతారు, ఎండబెడతారు, మళ్లీ మొదలు. ఏదైనా తేడా వస్తే ఆ బ్యాచ్ పోతుంది. క్రాకర్‌లో మొదలూ చివరా లేవు. ఒకసారి అంటుకుంటే షట్‌డౌన్ వచ్చేదాకా, అంటే నాలుగైదేళ్లు, పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. ఒక కంప్రెసర్ ట్రిప్ అయితే నిమిషాల్లో ఆ గ్యాసంతా ఫ్లేర్‌కి, అంటే గ్యాస్‌ని తగలబెట్టే పొడవాటి గొట్టానికి వెళుతుంది, ఊరంతా నారింజ రంగులోకి మారుతుంది. నేను మొదటిసారి కంట్రోల్ రూములో అది చూసినప్పుడు నా చేతులు వణికాయి. పక్కనున్న సౌదీ కుర్రాడు, నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, ఒక్కొక్క వాల్వ్ పేరూ నెమ్మదిగా చదువుతూ అంతా చక్కదిద్దాడు. అతనికి పని నేర్పమని నన్ను పెట్టారు. ఆ రాత్రి నేర్చుకున్నది నేను.

అలాంటి ప్లాంటుని పైపులు ఊది శుభ్రం చేయడం దగ్గర్నుంచి మొదటి గుళిక బయటికి వచ్చేదాకా చూసే అవకాశం ఇంజనీరు జీవితంలో ఒకసారో రెండుసార్లో వస్తుంది. ఆ తర్వాత నడుస్తున్న ప్లాంటులో ఇరవై ఏళ్లు ఉన్నా అంత నేర్చుకోలేరు. ఇందుకే వెళ్లమన్నాను, 8,000 రియాళ్ల కోసం కాదు. అది ఉండిపోయే ఉద్యోగం అనుకుని మాత్రం వెళ్లకండి. కమిషనింగ్ అయ్యాక సగం కంటే ఎక్కువ మందిని పంపేస్తారు. ఉండే ఉద్యోగాలు సౌదీ పిల్లలకి వెళతాయి, వెళ్లాలి కూడా, అది వాళ్ల దేశం. 2024 జులై నుంచి, ఐదుగురు లేదా అంతకు మించి ఇంజనీర్లున్న ప్రైవేటు సంస్థల్లో నూటికి పాతిక మంది సౌదీలే ఉండాలన్నారు, దాన్ని ఇంకా పెంచుతూనే ఉన్నారు. దహ్రాన్‌లోని కింగ్ ఫహద్ యూనివర్సిటీలో చదివి వచ్చే పిల్లలు మనవాళ్లకి ఏమాత్రం తీసిపోరు. రెండేళ్లు, మహా అయితే నాలుగేళ్లు అని లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఆ రెండు షరతులు. మొదటిది, వీసా మీద, ఒప్పందం అరబిక్ ప్రతి మీద మీ హోదా ఇంజనీరు అనే ఉండాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇంగ్లిష్ కాగితంలో ప్రాసెస్ ఇంజనీర్ అని చూసి సంతకం పెట్టాను. దిగాక ఇకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) చేతికిస్తే దాని మీద టెక్నీషియన్ అని ఉంది. నన్ను పంపిన ఏజెన్సీని అడిగితే అది మామూలే అన్నారు. మామూలే కాదు. కుటుంబాన్ని తెచ్చుకోవడానికీ, జీతం పెంచమనడానికీ, ఇంకో కంపెనీకి మారడానికీ మూడేళ్లు ఆ ఒక్క మాటే అడ్డం పడింది. వివాదం వస్తే అక్కడ చెల్లేది అరబిక్ ప్రతే. అరబిక్ చదివేవాళ్లు హైదరాబాద్‌లో ఎంతోమంది ఉన్నారు, సంతకం పెట్టకముందే ఒకరి చేత చదివించుకోండి. ఇంజనీరు హోదాకి సౌదీ ఇంజనీర్ల మండలిలో నమోదు కావాలి, దానికి మీ డిగ్రీ మీద, బయటి దేశంలో చెల్లేలా మన ప్రభుత్వం వేసే అపొస్టిల్ ముద్ర ఉండాలి. ఈ పనులకి ఎక్కువ రోజులు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.

రెండోది, మిమ్మల్ని ఏ యూనిట్‌లో వేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. క్రాకర్ కొలిమి దగ్గరా, కంప్రెసర్ల దగ్గరా, లేక నీళ్లు, ఆవిరి చూసే యుటిలిటీస్‌లోనా? యుటిలిటీస్ తక్కువ పని అని అనను, కానీ అది మీరు రామగుండంలోనూ నేర్చుకోవచ్చు. కొలిమి వైపు ఇవ్వకపోతే, ఇస్తామని మాట మాత్రం చెబితే, నేనైతే వెళ్లను.

ఏజెంటు డబ్బు అడిగితే, కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైనవాడు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి, దాచి పెడతామంటే ఇవ్వకండి. రియాలు 1986 నుంచి డాలరుకి 3.75 దగ్గరే కట్టేసి ఉంది, జీతం మీద అక్కడ ఆదాయపు పన్ను లేదు. కాబట్టి ఎంత మిగులుతుందో ఇంటి దగ్గరే లెక్క కట్టుకోవచ్చు. రెండేళ్ల కాంట్రాక్టు పూర్తయితే ఏడాదికి సగం నెల చొప్పున ఒక నెల జీతం చివర్లో రావాలి. అది రావాలని తెలియక వదిలేసుకుని వచ్చిన మనవాళ్లని చాలామందిని చూశాను.

రెండేళ్ల తర్వాత ఏమిటని మీరు అడగలేదు కానీ మీ నాన్నగారు అడుగుతారు. విశాఖ రిఫైనరీని పెంచారు, గుజరాత్‌లో క్రాకర్లున్నాయి, రాజస్థాన్‌లో బాడ్మేర్ రిఫైనరీ ఉంది. రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్స్ కట్టాలని చూస్తోంది. ఇవన్నీ అడిగేది ఒకటే, ఇంతకు ముందు క్రాకర్‌ని లేపిన అనుభవం ఉందా అని. అది డబ్బు పెట్టి ఏ కోర్సులోనూ దొరకదు. మీ నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు మాత్రం ఈ ప్రయాణానికి ఒక్క రూపాయి కూడా ముట్టుకోకండి, ఏ ఏజెంటు ఎంత తొందరపెట్టినా సరే.

చేరే తేదీ అడిగే వీలుంటే అక్టోబరు తర్వాత అడగండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకూ ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం ఉంది, అంటే ఎండ ఎలా ఉంటుందో ఊహించుకోండి. గోదావరిఖని ఎండ మీకు అలవాటే. కానీ జుబైల్‌లో దానికి సముద్రపు ఉక్క తోడవుతుంది, ఆగస్టులో ఏసీ బస్సు దిగగానే కళ్లద్దాలు మసకబారి మెట్టు కనపడదు. అరబిక్ ప్రతి రాగానే నాకూ ఒకటి పంపండి, చూసి చెబుతాను.